వీధి కింద ఊపిరి

రణస్థలం దాటాక రోడ్డుకు అడ్డంగా పడిన నాలుగో చెట్టు దగ్గర లీలారాణి స్కూటీ ఆపి దిగింది. అంతకు ముందు మూడింటిని దాటేసరికే పొద్దు బారెడెక్కింది. ఒకదాన్ని పొలంలోంచి చుట్టు తిరిగింది, ఒకదాన్ని రంపం కూలీలు కోసిన సందులోంచి దాటింది, మూడోదాని దగ్గర లారీ క్లీనర్లిద్దరు బండిని ఎత్తి అవతల పెట్టారు. ఈ నాలుగో చోట ఎవరూ లేరు. నిద్రగన్నేరు వేళ్ళతో సహా లేచి పడుకుని ఉంది. దాని మొదలు మీద ఒక ముసలాయన నిలబడి, తల ఎత్తి, దారి పక్క చెట్లను ఒక్కొక్కటిగా చూస్తున్నాడు.

హుద్‌హుద్ తుఫాను వెళ్ళి అది ఆరో రోజు. గాలి కోసుకుపోయిన ఆకు పోగా, మిగిలిన ఆకును సముద్రపు ఉప్పు తుంపర మాడ్చింది. అక్టోబరు నెలలో, వరి పొట్టకొచ్చే వేళలో, చెట్లన్నీ ఎండు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. ఆకు లేని చోట గాలికి చప్పుడుండదన్న సంగతి ఆ వారం ఆ దారిన నడిచినవాళ్ళకు తెలిసింది. గాలి వీస్తూనే ఉండేది, ఒంటికి తగిలేది, వినబడేది మాత్రం కాదు. ఎవరో చెప్పుల్లేకుండా వెనకాలే వస్తున్నట్టుండేది.

"అమ్మా, నువ్వొచ్చిన దార్లో ఆకున్న సెట్టేదైనా అగుపించిందేటి?" అన్నాడు ముసలాయన.

మేక కోసమేమో అనుకుని, లేదు తాతా అంది లీలారాణి. మేకకు కాదు, పాతరకి అన్నాడాయన. ఆ మాటకు ఆమె బండి స్టాండు వేసి ఆయన వైపు తిరిగింది. ఎందుకంటే ఆమె ఆ పొద్దున్నే అరసవల్లిలోని ఇంటికి తాళం వేసి బయల్దేరింది కూడా పాతర కోసమే.

పాతర అంటే తెలియనివారు ఇప్పుడు ఎక్కువే ఉంటారు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో ధాన్యం దాచేది గాదెల్లోనే కాదు, నేలలోనూ. ఇంటి ముందు వీధిలోనే నిలువున్నర లోతు గొయ్యి తవ్వి, గోడలకు గడ్డితో పేనిన లావుపాటి తాళ్ళు చుట్టూ పేర్చి, వడ్లు నింపి, పైన గడ్డి కప్పి, మట్టి దిబ్బ వేసి పేడతో అలుకుతారు. దాని మీదే పిల్లలు ఆడతారు, బళ్ళు పోతాయి. కింద ఏడాది తిండి నిద్రపోతూ ఉంటుంది. నిద్ర అన్నది అలంకారం కోసం వాడిన మాట కాదు. వడ్లగింజ చచ్చిన వస్తువు కాదు. పొట్టు లోపల ఓ మూల చిన్న మొలక ప్రాణంతో ఉంటుంది, చాలా మెల్లగా గాలి పీలుస్తూ, తన పక్కనే ఉన్న పిండిని పిసరు పిసరుగా ఖర్చు పెట్టుకుంటూ. పొడిగా ఉన్నంత కాలం అది ఏడాదికి ఒక గుక్క తాగినట్టే. తడి తగిలిందా, లేస్తుంది. లేచినది ఆబగా పీలుస్తుంది, వేడి పుట్టిస్తుంది, బొగ్గుపులుసు గాలి వదులుతుంది. ఆ గాలి బరువైనది, గోతిలోనే పడి ఉంటుంది, అందులోకి దిగిన మనిషికి ఊపిరి అందదు.

లీలారాణి పదహారేళ్ళుగా హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతోంది. ఈ సంగతి ఆమెకు తెలియనిది కాదు. తెలుసు కనుకనే ఆమెకు నిద్ర పట్టలేదు. పూసపాటిరేగ వైపు నుంచి వచ్చిన పాలవ్యాను డ్రైవరు ముందు రోజు సాయంత్రం కబురు తెచ్చాడు: ఆమె పుట్టింటి పాతరలోకి నీళ్ళు దిగాయట, తమ్ముడు బెన్‌హర్ పైనున్న పది బస్తాలు తీశాడట, రేపు తనే లోపలికి దిగి మిగతాది తోడతాడట. సెల్ టవర్లు కూలి ఉన్నాయి. వద్దని చెప్పడానికి తను వెళ్ళడం తప్ప దారి లేదు. తండ్రి పోయాక బెన్‌హర్ మూడెకరాలు చేస్తున్నాడు, పాతర ఎప్పుడూ పనివాళ్ళ చేత తీయించినవాడే కానీ దిగినవాడు కాదు. ముప్పై నాలుగేళ్ళ మొండివాడు, పెళ్ళి మాట ఎత్తితే ప్రార్థన మొదలెట్టేవాడు.

ముసలాయన పేరు కూర్మయ్య. ఎచ్చెర్ల అవతల ఏదో ఊరు. పాతరలు తీయడమే పని. ఆయన ఒక చేత్తో బండి తోక, ఆమె హ్యాండిలు పట్టుకుని, కొమ్మల మధ్యగా స్కూటీని అవతలికి తోశారు. తర్వాత ఆయన తాడు చుట్ట భుజాన వేసుకుని, లాంతరు ఒళ్ళో పెట్టుకుని వెనక కూర్చున్నాడు. ఎవరు పిలిచారని ఆమె అడిగింది. ఎవరూ పిలవలేదట. తుఫాను తెల్లారి ఇంట్లోంచి బయల్దేరి ఊరూరా నడుస్తున్నాడట. తడిసిన పాతర కనబడితే దిగవద్దని చెప్పి, ఆకు దొరికిన చోట గాలి మార్చి, దీపం దింపి చూపించి, వాళ్ళు దిగి పైకొచ్చేదాకా ఉండి, మరో ఊరు పోతున్నాడట. ఇంటికెళ్ళలేదా అంటే, ఇంట్లో మాటాడీవోళ్ళు లేరు అన్నాడు.

బండి మీద వెనక కూర్చున్న మనిషి గొంతు చెవి పక్క నుంచి వస్తుంది, మొహం కనబడదు. కూర్మయ్య కథ లీలారాణి అలాగే విన్నది, ఆకుల్లేని చెట్ల మధ్య పది మైళ్ళు.

ఆయనకు పన్నెండేళ్ళప్పుడు తండ్రి నడుముకు తాడు కట్టి మొదటిసారి దింపాడు. ఆషాఢం నుంచి కార్తీకం దాకా ఊళ్ళమ్మట తిరుగుడు. కొన్నాళ్ళకు వాసనతోనే చెప్పేసేవాడు, ఈ పాతర బాగుంది, ఈ పాతరకు ఎలుక కన్నం పెట్టింది, ఈ పాతరలో పాములున్నాయి అని. మనిషి పొట్టి, భుజాలు సన్నం, పాతర మూతి కోసమే పుట్టించినట్టు. తండ్రి నేర్పిన పద్ధతి ఒక్కటే. మూత తీయగానే వంగి, లోపలి వాళ్ళను లేపాలి: లెగండి, మేం వస్తన్నాం అని. తర్వాత గుబురుగా ఆకున్న కానుగ కొమ్మలను మోపుగా కట్టి, తాడుతో లోపలికి వదిలి, పైకి లాగి, మళ్ళీ వదిలి, చేతులు పడిపోయేదాకా ఆడించాలి. కొమ్మ దింపడం అంటారు దాన్ని. ఆ తర్వాత దీపం. దీపం అడుగున నిలిస్తే మనిషి. ఎందుకని అడిగితే తండ్రి చెప్పలేదు, ఆయనకూ ఎవరూ చెప్పి ఉండరు.

నలభై ఏళ్ళు అలా చేశాక ఐదేళ్ళ కిందట ఒక రోజు, మనవరాలు సుహాసిని పాఠం పైకి చదువుతుంటే ఎందుకో తెలిసింది. ఆకు ప్రాణవాయువు ఇస్తుంది. తన తండ్రీ తాతా ఆకును లోపలికి ఎందుకు దింపేవారో ఆ పుస్తకంలో రాసి ఉంది. ఆ రాత్రి సంతోషంతో అన్నం సహించలేదట. ఆకే గాలి ఇస్తుంటే ఇక ఊపడం దేనికి? ముందు రోజు కొమ్మలు లోపల పెట్టి మూసేస్తే, తెల్లారేసరికి పాతర నిండా మంచి గాలి తయారవదా? ఒక్క అనుమానం మిగిలింది. పాతరలో చీకటి కదా. చీకట్లో కూడా ఇస్తాదా అని టీచరమ్మను అడిగి రమ్మని సుహాసినిని పంపాడు. పిల్ల సాయంత్రం వచ్చి, ఇస్తుందని తలూపింది మేడం అని చెప్పింది.

ఆ కార్తీకంలో సగం తీసి వదిలేసిన ఒక పాతరలో సాయంత్రం వేళ రెండు మోపుల పచ్చి కొమ్మలు పెట్టి మూశాడు. పొద్దున్న మూత తీసి, ఊపకుండానే, దీపం కూడా దింపకుండానే, బావమరిది అప్పలసూరిని దిగమన్నాడు. అప్పలసూరి నవ్వుతూ దిగాడు. లోపల కొమ్మలున్నాయి, పెళ్ళి పందిట్లోకి పంపుతున్నావా బావా అన్నాడు. మొదటి తట్ట నింపడానికి వంగినవాడు అలసిపోయినట్టు కూర్చున్నాడు. కొమ్మల మోపు మీద తల ఆనించాడు. పై నుంచి పిలిస్తే పలకలేదు.

"ఆకులింకా పచ్చగానే ఉన్నాయమ్మా. మొకం మీద ఓ ఆకు ఆనుకుని ఉన్నాది. అది ఊపిరి తీస్తన్నట్టే ఉన్నాది, ఆడే తీయలేదు."

ఆ రోజు నుంచి తాయారు, అంటే కూర్మయ్య భార్య, అప్పలసూరి అక్క, మొగుడికి కంచంలో అన్నం పెడుతుంది, మాట్లాడదు. సుహాసిని మళ్ళీ బడికి వెళ్ళలేదు.

రెండున్నర వందల ఏళ్ళ కిందట ఇంగ్లండులో ఒక పాదిరి ఇలాంటి పనే చేశాడు. గాజుగంట కింద ఎలుకను మూస్తే కాసేపటికి చచ్చేది. పక్కన పుదీనా మొక్క పెడితే బతికేది. పాడైన గాలిని ఆకు బాగుచేస్తుందని ఆయన లోకానికి చాటాడు. అయితే మళ్ళీ చేసినప్పుడు ఒక్కోసారి తిరగబడేది. ఎందుకో ఆయనకు అంతుపట్టలేదు. తర్వాత ఒక డచ్చి వైద్యుడు కనిపెట్టాడు: ఆకుకు ఆ గుణం వెలుగులోనే. ఎండ తగిలినప్పుడు గాలినీ నీళ్ళనూ కలిపి తిండి వండుకుంటుంది, ఆ వంటలో మిగిలినది మనకు ప్రాణవాయువు. కానీ ఆకుకూ ప్రాణముంది కనుక పగలూ రాత్రీ తనూ ఊపిరి తీస్తుంది. చీకట్లో వంట ఉండదు, ఊపిరి ఒక్కటే. కోసిన ఆకు కూడా వాడేదాకా అంతే. కూర్మయ్య చేసినది అంత చదువుకున్న పాదిరి చేసిన పొరపాటే. పాదిరికి పోయినది ఎలుక.

లీలారాణి ఏ స్కూలు అని అడిగింది. కూర్మయ్య చెప్పాడు. బదిలీ కాకముందు ఆమె ఆరేళ్ళు పనిచేసిన స్కూలు అది. రెండో బెంచీ చివర, నూనె రాసిన రెండు జడలతో, ఎనిమిదో తరగతి సుహాసిని. ఏదైనా అడగాలంటే లేచి నిలబడి ముందు గోడ వైపు చూసే పిల్ల. నవంబరు నుంచి రాలేదు. రాకపోతే హాజరు పట్టీలో ఎర్రగీత గీసినది తనే. ఎందుకు రాలేదని ఎవరినీ అడగలేదు. చీకట్లో ఆకు సంగతి ఆ పిల్ల అడిగినట్టు జ్ఞాపకం లేదు. తలూపినట్టు అసలే లేదు. గంట కొట్టే వేళకు, పుస్తకాలు సర్దుకుంటూ, పిల్లలు అడిగిన ఎన్నిటికి తలూపిందో ఆమెకు తెలియదు. ఆ తర్వాత మైలున్నర ఇద్దరి మధ్యా ఇంజను చప్పుడే ఉంది.

ఊరి మొదట్లో చర్చి రేకులు లేచిపోయి బెంచీలు ఎండలో ఉన్నాయి. వీధిలోకి తిరగగానే ముందు కుక్కలు కనబడ్డాయి. ఏడెనిమిది కుక్కలు తమ ఇంటి ముందు, పాతర దిబ్బ చుట్టూ, గుండ్రంగా, ముడుచుకుని పడుకున్నాయి. మనుషులు దగ్గరికి వచ్చినా లేవలేదు. తుఫాను వానకు ఊరంతా చల్లబడి ఉంటే, అక్కడ నేల వెచ్చగా ఉంది. చెప్పు విప్పి కాలు పెట్టిన లీలారాణికి జ్వరం వచ్చిన పిల్లవాడి నుదురు గుర్తొచ్చింది. పాతర మూతి నుంచి సన్నటి ఆవిరి, పులిసిన పిండి వాసన.

బెన్‌హర్ నడుముకు తువాలు కట్టుకుని, మూతి అంచున కూర్చుని ఉన్నాడు. రెండు కాళ్ళూ లోపల. చేతులు అంచు మీద ఆనించి, ఇక జారడమే తరువాయి. లోపల తీసిన పది బస్తాల మేర ఖాళీగా ఉంది, దాని అడుగున నల్లటి తడి ధాన్యం.

కూర్మయ్య తొందరపడకుండా నడిచి వెళ్ళి, బెన్‌హర్ పక్కన నేల మీద కూర్చున్నాడు, రచ్చ దగ్గర కబుర్లకు కూర్చున్నట్టు.

"దిగుతావేటి బాబూ?"

"దిగుతాను. నువ్వెవరు?"

"దిగు. నా లాంతరు ముందు దిగుతాది. అది వచ్చేక నువ్వు దిగు."

బెన్‌హర్ అక్క వైపు చూసి, మంత్రగాణ్ణి కూడా తెచ్చేవేటక్కా, మన పాస్టరుగారు వింటే ఏటంతాడు అని నవ్వాడు. మూత పొద్దున్నే తీసి రెండు గంటలైందనీ, చెడుగాలి ఉంటే ఈపాటికి పోయి ఉంటుందనీ వాదించాడు. కూర్మయ్య వాదించలేదు. లాంతరు వెలిగించి, తాడు కట్టి, బెన్‌హర్ మోకాళ్ళ పక్కనుంచి మెల్లగా వదిలాడు. వెలుగు గడ్డితాళ్ళ మీద పడుతూ బెత్తెడు లోతు దిగింది, జానెడు లోతు దిగింది. అక్కడ మంట సన్నబడి, పక్కకు వంగి, ఎవరో వేళ్ళతో నలిపినట్టు ఆరిపోయింది. పొగ పైకి రాలేదు, అక్కడే నీటి మీద తెట్టులా పరుచుకుంది.

గాలి కొట్టింది అన్నాడు బెన్‌హర్. రెండోసారి గొడుగు అడ్డం పెట్టి దింపారు. మళ్ళీ అదే లోతులో, గీత గీసినట్టు, ఆరిపోయింది. బెన్‌హర్ తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. పిక్కల నుంచి పాదాల దాకా ఆ గీతకు కిందే ఉన్నాయి. ఒక్కొక్క కాలే పైకి తీసుకున్నాడు.

కొమ్మలు లేవు, ఊరంతటిలో ఆకు లేదు. లీలారాణి అప్పుడు మాట్లాడింది. ఆకే అక్కర్లేదు తాతా, ఏదైనా సరే, లోపలి గాలిని కదిపి పైకి తేవాలి, అంతే అంది. కూర్మయ్య ఆమె వైపు ఒకసారి చూశాడు. ఆ చూపు ఆమె అనుకున్న దానికంటే ఎక్కువసేపు నిలిచింది. తర్వాత గోనెసంచులు తెమ్మన్నాడు. నాలుగు సంచులు కలిపి కట్టి, మధ్యలో రాయి పెట్టి, మోపులా చేసి లోపలికి వదిలాడు. వదలడానికి ముందు మూతి మీదికి వంగి, పక్కన పడుకున్న మనిషిని లేపినంత మెల్లగా, లెగండి, మేం వస్తన్నాం అన్నాడు. ఆ మాట లోపలికి వెళ్ళి తిరిగి రాలేదు. గోతిలో మాట ప్రతిధ్వనించాలి కదా అని లీలారాణి అనుకుంది.

గంటన్నర ఊపారు, వంతులు వేసుకుని. బెన్‌హర్ భుజాలు పొంగాయి. మధ్యలో కూర్మయ్య ఆమెను పిలిచి, నేలకు చెవి ఆనించమన్నాడు. ఆమె దిబ్బ పక్కన మోకాళ్ళ మీద వంగింది. మొలక చప్పుడు మనిషి చెవికి అందదని ఆమె పిల్లలకు చెప్పిన మాట ఆమెకు జ్ఞాపకముంది. అయినా విన్నది. చాలామంది ఒకే గదిలో పడుకుని, ఒకేసారి కాకుండా, వరసగా ఊపిరి తీస్తున్నట్టు. లేచి మోకాళ్ళు దులుపుకుంది.

ఐదోసారి దింపిన లాంతరు అడుగుదాకా వెళ్ళి, ధాన్యం మీద నిలబడి, నిటారుగా వెలిగింది. దీపం నిలిస్తే మనిషి. బెన్‌హర్ లేచాడు. కూర్మయ్య చెయ్యి అడ్డం పెట్టి, తాడు తన నడుముకే కట్టుకుని, కొస బెన్‌హర్ చేతికిచ్చాడు. ఐదేళ్ళలో ఆయన పాతరలో కాలు పెట్టలేదని, ఊరూరా పైనే ఉండి దీపమే చూపించాడని, లీలారాణికి దారిలో చెప్పి ఉన్నాడు. దిగాడు. తల కూడా మూతి కిందికి పోయింది. ఆమె పైనుంచి అంకెలు లెక్కపెడుతూ కూర్చుంది. ముప్పై అయ్యాక పిలిచింది. జవాబు రాలేదు. బెన్‌హర్ తాడు బిగించాడు. నలభై దగ్గర లోపల్నుంచి దగ్గు వినబడింది.

పైకొచ్చినప్పుడు ఆయన దోసిట్లో ధాన్యం కాదు, ధాన్యపు మొలకలున్నాయి. బెత్తెడు పొడుగు, తెల్లగా, ముసలివాళ్ళ జుట్టులా. వెలుగు చూడని మొలకలు. ఒక్కదానికీ పచ్చదనం లేదు. పొట్టులో పిండి అంతా తాగేసి, పైకి, మూతి వైపు, సాగి సాగి పెరిగాయి. వాటిని ఎండలో నేల మీద పరిచాడు. బెన్‌హర్ తాడు కట్టుకుని దిగి, మొదటి తట్ట అందించాడు, రెండోది అందించాడు, గొణుగుతూనే ఉన్నాడు. ఆ గొణుగుడు వింటూ లీలారాణి తట్టలు అందుకుంది.

లీలారాణి తల్లి ఇంట్లో గంజీ, ఉల్లిపాయా సర్దుతోంది. దిబ్బ పక్కన ఇద్దరే ఉన్నారు. ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పనని లీలారాణికి తెలుసు.

"తాతా, ఆ స్కూల్లో సైన్సు చెప్పింది నేనే."

"తెలుసు. ఏ స్కూలని అడిగి సల్లబడిపోనావు, అప్పుడే తెలిసింది."

"అయినా వచ్చావు."

కూర్మయ్య తెల్ల మొలక ఒకటి తీసి వేళ్ళ మధ్య తిప్పాడు.

"నానప్పుడు పంపిన మాట మళ్ళీ అడుగుతన్నాను. సీకట్లో ఆకు ఏటి సేస్తాది?"

ఆమె చెప్పింది. పాఠంలా కాదు, తొందర లేకుండా. వెలుగులో ఏం చేస్తుందో, చీకట్లో ఏం చేస్తుందో. ఆ రాత్రి మూసిన పాతరలో ధాన్యమూ ఆకులూ ఒకే గాలిని పంచుకున్నాయని. మీ నాన్న దింపిన కొమ్మ గాలి ఇవ్వడానికి కాదు, విసనకర్ర లాంటిదని. ఊపుడే మందు, ఆకు కాదని. సుహాసిని అడిగింది సరైన ప్రశ్న అని, అది తనకు జ్ఞాపకం కూడా లేదని. చివరి మాట చెప్పేటప్పుడు తల దించుకోలేదు, దించుకోవడం తేలికని.

ఆయన అంతా విన్నాడు. పెదవులు కదిలాయి, ఒకసారి వల్లె వేసుకున్నట్టు. కోపమో, క్షమో, ఆ మొహంలో ఆమెకు ఏదీ దొరకలేదు.

ఇంతలో తల్లి కంచం తెచ్చి అరుగు మీద పెట్టి, నీళ్ళచెంబు కోసం లోపలికి వెళ్ళింది. బెన్‌హర్ ఆ పూటకు చివరి తట్టతో పైకొచ్చి, నడుముకున్న తాడు విప్పేసి, అక్కా అని పిలిచాడు. ఆమె వంగి అందుకుని, పరిచిన మొలకల పక్కన బోర్లించి, నడుం ఎత్తేసరికి కూర్మయ్య దిబ్బ పక్కన లేడు. లాంతరు, తాడు తీసుకుని వీధి మలుపు దగ్గర ఉన్నాడు. తాతా అని ఆమె పిలిచింది. వినబడే దూరమే. ఆయన మరో ఊరికి కాకుండా, వచ్చిన దారిన, తన ఊరి వైపు తిరిగి, ఆగకుండా నడిచి పోయాడు.